మూలల్లో ఎరుపు

ఇకపై ఈ దేశంలో ఏ రేకూ చిరగబోదని పరిశ్రమల మంత్రిగారు మా ఫ్యాక్టరీ గేటు దగ్గర ప్రకటించారు. ఆ సంగతి రేకులకు ఎవరు చెబుతారో ఆయన చెప్పలేదు. అంత చిన్న విషయాలు ఆయన స్థాయికి తగవు.

నేను అక్కడ స్టోర్సు గుమాస్తాను. వరదల్లో జనాన్ని ఒడ్డుకు చేర్చే ఉక్కు పడవలు చేయడం మా పని. రేకును అచ్చు మీద పరిచి ప్రెస్సుతో ఒక్క నొక్కు నొక్కితే పడవ రావాలి. ఆ నొక్కుడేదో ముందు కంప్యూటర్లోనే నొక్కి చూడటానికి కొత్తగా ఒక ఇంజనీరమ్మను వేశారు. రేకు పలచబడి చిరిగే చోట తెర మీద ఎరుపు వస్తుంది, బాగున్న చోట ఆకుపచ్చ.

మంత్రిగారు వచ్చి చూసేసరికి పడవ నాలుగు మూలలూ పండు మిరపకాయల్లా ఉన్నాయి. ఆయన గంభీరంగా ఆలోచించారు.

"ఈ ఎరుపు ప్రతిపక్షం వాళ్ల రంగు కదూ?"

"కాదు సార్, అక్కడ రేకు చిరుగుతుంది."

"అయితే ఆకుపచ్చ చేసెయ్."

"రంగు మారిస్తే చిరుగు పోదు సార్."

"ముందు రంగు మార్చమ్మా. చిరుగు సంగతి కమిటీ చూసుకుంటుంది."

ఐదు నిమిషాల్లో తెరంతా చిలకపచ్చగా మారింది. కమిటీ మూడు రోజులు కూర్చుని, చిరుగన్నది రేకుకున్న ఆత్మవిశ్వాస లోపమని తేల్చింది. వారంలో చెరువు దగ్గర ప్రారంభోత్సవమనీ, మంత్రిగారే స్వయంగా పడవెక్కుతారనీ కబురొచ్చింది.

ప్రెస్సు మేస్త్రికి ముద్ద దిగలేదు. ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. మొదటి పడవ నొక్కితే మూలలో పిడికిలి పట్టేంత చిరుగు. ఆయన మెషీను మెట్టు మీద కూలబడ్డాడు. ఇంజనీరమ్మ పక్కనే కూర్చుంది. అచ్చు మూల ఇంకాస్త గుండ్రంగా అరగదీసి, నూనె దండిగా పూసి, రేకు అంచుల మీద పట్టు కొంచెం వదిలితే కంప్యూటర్లో ఎరుపు పోతోందని చెప్పింది.

"మళ్లీ రంగు మార్చావా తల్లీ?"

"లేదు బాబాయ్. ఈసారి నిజంగానే పోయింది."

మేస్త్రి మూడు రోజులు అచ్చు అరగదీశాడు. నూనె డబ్బాలు నేనే మోశాను. ప్రెస్సు దిగింది, లేచింది. పడవ నిండుగా బయటికొచ్చింది. ఆయన నాలుగు మూలలూ రెండేసి సార్లు తడిమి, కంట్లో దుమ్ము పడిందని అటు తిరిగాడు.

చెరువులో పడవ తేలింది. మంత్రిగారూ తేలారు, ఆయనతోపాటు ఎనిమిది మంది ఫోటోగ్రాఫర్లూ తేలారు. ఒక్క రంగు మార్పుతో ఎంత పని జరిగిందో చూశారా అని ఆయన మైకులో అడిగారు. మేస్త్రి ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఆవిడ చెరువు వైపు చూసింది. జీతం తీసుకునేవాణ్ణి గనుక నేను చప్పట్లు కొట్టాను.

ఆ పద్ధతిని అన్ని శాఖల్లోనూ అమలు చేశారు. మొదటి వంతు వరద హెచ్చరికల శాఖది. వాళ్ల పటంలో నది పొడవునా ఉన్న ఊళ్లన్నీ, మాది సహా, ఒక్క పూటలో పచ్చబడ్డాయి. వరదలే లేని దేశానికి పడవలెందుకని ప్రభుత్వం ఫ్యాక్టరీ మూసేయాలని నిర్ణయించింది.

ఆ ఉత్తర్వు నిన్న మధ్యాహ్నం అందింది. తెచ్చిన జవాను బూట్లు మెడలో వేసుకుని, కాగితం తడవకుండా నెత్తిన పట్టుకుని, నడుము లోతు నీళ్లలో మా దగ్గరికి వచ్చి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.