పొలుసుల హాజరు

పదకొండేళ్లుగా అండాలు ఒంటి నుంచి రాలిన పొలుసులన్నీ ఒక మనిషిగా పోగై, ఆషాఢంలో ఒక సోమవారం పొద్దున, ఆమెకంటే పది నిమిషాల ముందే ఆఫీసుకు వచ్చి హాజరు వేసుకున్నాయి.

అండాలు పాత దస్తావేజుల భద్రత కార్యాలయంలో రికార్డ్ అసిస్టెంటు. ఆమెకు సోరియాసిస్. మోచేతులు, వీపు, అరచేతులు ఎర్రగా మందం కట్టి, తెల్లటి పొట్టు రాలేది. ఆమె కుర్చీ చుట్టూ ఊడ్వనని స్వీపరు మొరాయించడంతో, ఎవరి పొట్టు వాళ్లే ఎత్తుకోవాలని సూపరింటెండెంటు ముత్తిరెడ్డి నోటిమాటగా ఆదేశించాడు. అప్పటినుంచి ఆమె రోజూ సాయంత్రం చిన్న కుంచెతో పొలుసులు కూడదీసి కింది సొరుగులో వేసేది. సొరుగు నిండితే బీరువాలోకి మార్చేది. ఆఫీసు ఆవరణలో పోగైన వస్తువును అనుమతి లేకుండా పారేయకూడదు. ఆ అనుమతి కోరుతూ ఆమె పెట్టిన ఫైలు ఇంకా పరిశీలనలోనే ఉంది.

వేలిముద్రల మిషను వచ్చి మూడేళ్లయింది. అది అండాలును ఒక్కరోజు కూడా గుర్తుపట్టలేదు. పగిలిన వేళ్లలో దానికి గీతలు దొరికేవి కావు. దాంతో ప్రతి ఉదయం, తాను తానేనని ఒక కాగితం రాసిచ్చి ఆమె పనిలో కూర్చునేది. ఆ సోమవారం పొలుసుల మనిషి వేలు ఆనించగానే మిషను పచ్చదీపం వెలిగించి, అండాలు పేరు పలికింది.

"సార్, అండాలంటే నేను. ఆమె కాదు," అంది అండాలు.

"మిషన్ ఎవర్ని గుర్తువడితే గామెనే అండాలు," అన్నాడు ముత్తిరెడ్డి. ఆయన గొంతులో కోపం లేదు. "నువ్వు మూడేండ్లసంది రాసిచ్చిన కాయితాలు గూడ చూసిన. అన్నిట్ల నిన్ను గుర్తుపడ్తలేదనే ఉన్నది."

వారంలో ఉత్తర్వు వచ్చింది. పొలుసుల మనిషిని ఉద్యోగిగానూ, అండాలును ఆ పొలుసులు రాలిన 'మూలం'గానూ నమోదు చేశారు. కుర్చీ ఉద్యోగికి చెందుతుంది. పని మాత్రం మూలమే చేయాలి. అండాలు తలుపు పక్కన స్టూలు వేసుకుని దస్తావేజులు కట్టలు కట్టసాగింది. ఉద్యోగి ఎగిరిపోకుండా హాల్లో ఫ్యాన్లు ఆపేశారు. చెమటలు కారుతున్నా ఎవరూ విసుక్కోలేదు. ఉద్యోగి కుర్చీలో కూర్చున్నాక మాట్లాడదు, కదలదు. కిటికీలోంచి వెలుగు పడితే అభ్రకంలా మెరుస్తుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ, పక్క సీటు సరోజన తన గిన్నెలోని రొట్టె తుంచి ఆ పొలుసుల చేతిలో పెట్టడం అండాలు చూసింది. పదకొండేళ్లలో తన పక్కన ఎవరూ గిన్నె మూత తీయలేదు. తను తాగే గ్లాసును విడిగా, కిటికీ బయట బోర్లించేవారు.

"సరోజనా, ఆమె నా ఒంటిమీది పొట్టే గదా?"

"గట్లంటవేంది అక్కా," అంది సరోజన నొచ్చుకుంటూ. "పాపం, ఆమెకు ఏ రోగం లేదు."

అండాలు తన గిన్నె మూసేసి బయటికి వెళ్లింది. కాగితం రాసిచ్చే పని తప్పడంతో పొద్దున్నే కొంత తీరిక దొరికేది. మర్నాడు ఆ తీరికలో చర్మ వైద్యురాలు తబస్సుమ్ దగ్గరికి పోయింది. అంతకుముందు వేపాకు ముద్ద, పుట్టమన్ను, ఎవరో ఇచ్చిన నల్లటి పసరు, అన్నీ అయ్యాయి. డాక్టర్ ఆమె చేతిని తొడుగు లేకుండా పట్టుకుని చూసింది.

"ఇది అంటురోగం కాదమ్మా. మొత్తానికే పోతదని చెప్పను గని, అణుగుతది. గోరువెచ్చని నీళ్లతోనే స్నానం. ఒళ్లు తడి ఆరకముందే నూనెగని, ఈ మలాంగని రాసుకో. గోకకు. పొద్దుటెండల కొద్దిసేపు కూసో. నూలు చీరలు కట్టు. సరిపోను నిద్రపో. దిగులు తగ్గించుకో."

అండాలు ఒక్కటీ తప్పలేదు. దసరా నాటికి మోచేతులు నున్నబడ్డాయి. ఒక సాయంత్రం ఆమె టీ గ్లాసు అందిస్తుంటే, భర్త రాజలింగం గ్లాసుతో పాటు ఆమె చేయి కూడా పట్టుకున్నాడు. అది మెత్తగా ఉండటం చూసి ఆశ్చర్యపోయి, కాసేపు వదల్లేదు. టీ చల్లారిపోయింది.

అదే వారం ఆఫీసులో ఉద్యోగి కుడి చూపుడువేలు కొస రాలిపోయింది. కొత్త పొలుసులు చేరక ఆమె పలచబడుతోందని విచారణలో తేలింది. ఆమె వేలికి మిషను రెండు రోజులు ఏ పేరూ పలకలేదు. మూడోరోజు అండాలుకు మెమో అందింది. చికిత్స ద్వారా ఉద్యోగి శరీరానికి నష్టం కలిగించినందుకు సంజాయిషీ ఇవ్వాలని, ఇకమీదట ఈ అలవాట్లు పాటించాలని అందులో ఉంది: మరిగే నీళ్ల స్నానం, ఘాటు సబ్బు, నైలాను చీర, నూనె నిషేధం, నిద్ర తగ్గింపు.

"దిగులు గూడ రాపిద్దామనుకున్న," అన్నాడు ముత్తిరెడ్డి. "నీకు అలవాటేనాయె, మళ్ల ఆర్డరెందుకని ఊకున్న."

ఇంట్లో రాజలింగం మెమోను రెండుసార్లు చదివాడు.

"ఒప్పుకుంటున్ననని రాసియ్యి. నౌకరి పోతె ఎట్ల?" అన్నాడు.

"మరి నా చెయ్యి?"

అతను ఆమె చేతివైపు చూడలేదు. "ఇన్నేండ్లు ఓర్చుకోలేదా," అన్నాడు.

అండాలు సంతకం పెట్టింది. పది రోజుల్లో దురద తిరిగొచ్చింది. నెలలో వీపంతా పాకింది. రోజూ పొద్దున రాలిన పొలుసులను కవరులో పెట్టి ఆఫీసులో అప్పగించి, రసీదు తీసుకునేది. ఉద్యోగికి వేలు మొలిచింది. సరోజన ఆ వేలికి ఉంగరం కొనిపెట్టింది.

కార్తీకంలో అండాలు మళ్లీ డాక్టర్ దగ్గరికి పోయింది. వరండాలో బెంచీల మీద పాతికమంది కూర్చున్నారు. టీచర్లు, గుమాస్తాలు, బట్టల దుకాణంలో నిలబడి పనిచేసే ఆడవాళ్లు. ఒక్కొక్కరి ఒళ్లో అండాలు దగ్గరున్నలాంటి కవరే ఉంది.

"మందు వాడొద్దని ఒక సర్టిఫికెట్ కావాలె మేడం. ఆఫీసుల అడుగుతుండ్రు," అంది అండాలు.

డాక్టర్ తబస్సుమ్ తలెత్తి ఆమె చేతులు చూసింది. కలం తీసుకుంది.

"ఎన్ని నెలలకు?"

"తొమ్మిదేండ్లకు మేడం. రిటైరయ్యేదాకా."

డాక్టర్ తొమ్మిదేళ్లని రాసి, ముద్ర వేసి, తర్వాతి వాళ్లను పిలిచింది.