రత్నరాజు కోసం ఉపవాస ప్రార్థన

ఆ శనివారం పొద్దున రత్నరాజు అనుకున్న పని చాలా చిన్నది. స్కూటరు మీద బజారుకు వెళ్ళి, చేపలు కొని, ఎండ ముదరకముందే ఇల్లు చేరడం. చేపలు కొన్నాడు, ఎండ ముదరకముందే చేరాడు కూడా. దీవెనమ్మ సంచీ అందుకుని, భర్త వెనక వీధిలోకి చూసింది.

"బండేదండీ?"

బండి బజారులోనే ఉంది. దారిలో కలిసిన వాళ్ళతో క్రికెట్ మాట్లాడుతూ ఆయన నడిచి వచ్చేశాడు.

ఇదివరకైతే నవ్వేసేవాడే. కానీ తండ్రి జబ్బు కూడా ఇలాంటి మతిమరుపుతోనే మొదలైంది. చివరికి ఆ తండ్రి సొంత కొడుకును పట్టుకుని "ఎవరు బాబూ నువ్వు?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆ మర్యాద రత్నరాజు గుండెలో ముల్లులా ఉండిపోయింది. తనకూ యాభై దాటాయి. ఆ పూట పులుసులో ఉప్పు రెండింతలు పడినా ఆయనకు తెలియలేదు.

ఆదివారం గుడిలో పాస్టరు స్టీవెన్ గారు రోగుల పేర్లతో పాటు రత్నరాజు పేరు కూడా చదివి ప్రార్థన చేశారు. పై ఆదివారం గొంతు తగ్గించి, "సోదరుడు మళ్ళీ బండి మరిచిపోయి వచ్చారట" అని ఉపవాస ప్రార్థన ప్రకటించారు.

రత్నరాజు వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడు మరిచాడు? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అంటే మరిచిపోయిన సంగతి కూడా మరిచిపోయాడన్నమాట.

మూడో ఆదివారానికి ఇంకోసారి బండి మరిచాడట. సండే స్కూలు బాధ్యత ఆయన చేతిలోంచి మెల్లగా బావమరిది సురేష్ బాబు చేతిలోకి వెళ్ళింది. ఇంటికి బ్రెడ్డులు, ఆపిల్ పళ్ళు వచ్చాయి. వచ్చినవాళ్ళంతా చెవిటివాడితో మాట్లాడినట్టు గట్టిగా మాట్లాడారు.

"నేనెవర్నో సెప్పు బావా," అన్నాడు సురేష్ బాబు, పొద్దుటి నుంచీ అదే పనిగా.

విసుగెత్తిన రత్నరాజు, "ఎవరు బాబూ నువ్వు?" అన్నాడు వేళాకోళంగా.

గదిలో ఏడుపులు లేచాయి. మర్నాడే భార్యాభర్తలను విశాఖపట్నం బస్సెక్కించారు.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేయించి, చిన్నతనం గురించి అడిగింది.

"పలక బడిలో వదిలేసొచ్చేవోణ్ణండి. పెళ్ళికి ఉంగరం లేకుండా వెళ్ళిపోయేను," అన్నాడు రత్నరాజు.

ఆమె నవ్వింది. "మీ నాన్నగారిది ఉన్న జ్ఞాపకం పోయే జబ్బు. మీది చిన్నప్పటి నుంచీ మనసు ఒకచోట నిలవకపోవడం. ఏడీహెచ్‌డీ అంటారు. బండి పెట్టేటప్పుడే మీ ధ్యాస ఇంకెక్కడో ఉంది. రోజూ నడవండి, బాగా నిద్రపోండి, బీపీ చూపించుకోండి, నలుగురిలో తిరగండి. సరే, రెండోసారి బండి ఎప్పుడు మరిచిపోయారు?"

"అదే తెలీదండి. పాస్టరు గారు సెప్పేరు."

"ఆయనకెవరు చెప్పారు?"

"ఇంకెవరు, మా ఆవిడే. ప్రతి ఆదివారం ప్రార్థనకి ముందు సెబుతాది."

దీవెనమ్మ ఇద్దరినీ అయోమయంగా చూసింది. "అయ్యగారికి నేనింకా ఏటీ సెప్పలేదే. ఈ ఆదివారం సెబుదామనుకుంతన్నాను."

డాక్టరమ్మ కలం కింద పెట్టి, తన కుర్చీని దీవెనమ్మ వైపు జరుపుకుంది. తర్వాత చాలాసేపు ఆవిడనే ప్రశ్నలడిగింది. ఇప్పుడే ఏదీ తేల్చలేమని, ఆవిడకూ పరీక్షలు చేయించాలని చెప్పింది. కాస్త ముందు తన భయం తీరిపోయిందని సంతోషించినందుకు రత్నరాజుకు సిగ్గేసింది.

తిరుగు బస్సులో దీవెనమ్మ అడిగింది. "డాకటరమ్మ ఏటన్నాదండీ?"

"నాకేటీ లేదన్నాదే."

"దేవుడికి స్తోత్రం," అని ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

లంకెలపాలెం దాటాక మళ్ళీ అడిగింది. ఆయన అప్పుడే మొదటిసారి చెబుతున్నట్టు చెప్పాడు. ఆవిడ మళ్ళీ అంతే సంతోషంగా కళ్ళు తుడుచుకుంది. రత్నరాజు కిటికీ వైపు తిరిగి తన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ ఇంట్లో ఇకపైన అన్నీ గుర్తు పెట్టుకోవలసిన మనిషి రత్నరాజు.