ఆర్లీన్ వంతు

ఆ శనివారం పొద్దున్న డెల్బర్ట్ క్రమ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఫైర్‌స్టేషన్ వాళ్ల బీరు పండగకి వెళ్లాలి, ఒక గ్లాసు కొని ఎదుటి కుర్చీ ముందు పెట్టాలి, భార్య ఆర్లీన్‌కి ఇష్టమైన పోల్కా పాట వాయించేదాకా కూర్చోవాలి, ఇంటికి రావాలి. ఆర్లీన్ మార్చిలో పోయింది.

ఒహాయో రాష్ట్రంలో మందుకీ మందుగుండుకీ పొత్తు కుదరదు. లైసెన్సు ఉంటే పిస్తోలుతో టెంటులోకి రావచ్చు గానీ చుక్క ముట్టకూడదు. డెల్బర్ట్ నడుముకి పిస్తోలు ఉంది. అందులో గుండ్లు ఆరు. ఆరూ కలిపినా ఆ పూట ఆయన గుండె బరువుకి తూగవు.

ఊరికి కొత్తగా వచ్చిన పోలీసు డిప్యూటీ మార్సీ ముందు పిస్తోలు చూసింది, తరవాత గ్లాసు చూసింది.

"పెద్దాయనా, ఆ బీరెవరిది?"

"మా ఆవిడది."

"ఎక్కడున్నారు?"

"రాదమ్మా."

"రాని మనిషికి బీరెందుకండీ?"

"ఈ ఏడు తన వంతు కదా," అన్నాడు డెల్బర్ట్, ఇందులో విడమర్చేదేముంది అన్నట్టు.

వ్యవహారం అక్కడితో ఆగేదే. కానీ పక్క బల్ల దగ్గర వెర్నన్ ఉన్నాడు. తుపాకీ క్లబ్బు అధ్యక్షుడు. స్నేహితుడు చిక్కులో పడితే ముందు దూకి, ఆలోచన ఆనక చేసే రకం.

"గ్లాసు ఖాళీ అయితే కేసూ ఖాళీయేగా!" అంటూ వచ్చి బీరంతా గటగటా తాగేశాడు. డెల్బర్ట్ చెయ్యి చాచాడు. అందలేదు.

వెర్నన్ మీసాల నురగ తుడుచుకునేలోగా మార్సీ చూపు ఆయన నడుము మీదికి దిగింది. అక్కడ ఇంకో పిస్తోలు!

"చూశారా! టెంటులోకి ఇవి వద్దని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా," అని బీరు పోసే ఫిలిస్ అరిచింది.

"లైసెన్సు ఉంది, నా హక్కు!"

"నీ హక్కు నడుముకుంది సరే, నా బీరు నీ కడుపులో ఉందిగా, దాని సంగతేంటి?"

క్లబ్బు వాళ్లు ఒక పక్క, సాసేజీలు కాల్చేవాళ్లు ఒక పక్క మోహరించారు. ఎవరో ఫోనులో చట్టం చదువుతున్నారు. ఏ పక్క చేరాలో తేల్చుకుందామని అకార్డియన్ వాయించేవాడు వాయించడం మానేసి మరీ వచ్చాడు.

డెల్బర్ట్‌కి ఆ గోలలో వినపడింది ఒక్కటే, పాట ఆగిపోవడం.

"పాట ఆపకండయ్యా!" అన్నాడు లేచి. "పన్నెండేళ్లుగా ఇద్దరం వస్తున్నాం. ఒక ఏడు తను తాగేది, పిస్తోలు నా దగ్గర. మరుసటేడు నేను తాగేవాణ్ణి, పిస్తోలు తన సంచిలో. పోయినేడు నేను తాగాను. ఈ ఏడు తన వంతు. అంతే. పోల్కా అయ్యేదాకా ఆ గ్లాసు నిండుగా ఉంటే చాలనుకున్నాను."

వెర్నన్ తన పిస్తోలు తీసి మార్సీ చేతిలో పెట్టాడు. "ఆర్లీన్ వాటా తాగేశానమ్మా. నన్ను లోపలెయ్యి."

ఫిలిస్ ఇంకో గ్లాసు నింపి తెచ్చింది. ఖాళీ కుర్చీ ముందు పెట్టి, గ్లాసు పిడిని ఎడమవైపుకి తిప్పింది. ఆర్లీన్‌ది ఎడమచేతి వాటం.

పోల్కా మొదలైంది. గ్లాసు పట్టుకుపోదామని వచ్చిన మార్సీ టోపీ తీసి, ఎవరూ ముట్టకుండా దానికి కాపలాగా నిలబడింది.

వచ్చే ఏడు తాగే వంతు డెల్బర్ట్‌ది. పిస్తోలు ఎవరు పట్టుకుంటారని ఎవరూ అడగలేదు.