చెప్పుల స్టాండు మీది రౌటర్, దాని వెనక నా రౌటర్

ఇంటికి ఒక్క రౌటర్‌తో సరిపెట్టుకునేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది.

పాఠకులు నన్ను అపార్థం చేసుకోకూడదు. ఒక్కటి ఉన్నా ఇంటర్నెట్ వస్తుంది, కాదనను. కానీ ఇంటర్నెట్ రావడమొక్కటేనా జీవితం? ఆశ, అనుమానం, ఎదురుచూపు, తప్పు ఎదుటివాడి మీదికి తోసే అవకాశం ఒక్క రౌటర్‌తో దొరుకుతాయా? దొరకవు! వాటికి రెండు కావాలి. ఒకటి ఫైబర్ కంపెనీవాళ్ళు తెచ్చి పెట్టేది. రెండోది దాని వెనక మనం సొంతంగా కొని తగిలించుకునేది.

మా ఇంట్లో కంపెనీ రౌటర్ వీధి గుమ్మం పక్కన చెప్పుల స్టాండు మీద ఉంటుంది. "కాస్త మధ్య గదిలో పెట్టండి" అని నేను బతిమాలితే టెక్నీషియన్ వైరు కొస పట్టుకుని చూపించాడు. "ఇంతే ఉంది సార్." సరే, సెట్టింగులు మార్చుకోవాలంటే ఎలాగని అడిగాను. వాళ్ళింటి బీరువా తాళాలు అడిగినట్టు చూశాడు.

"వైఫై పాస్‌వర్డ్ ఇస్తాను సార్. లోపలి పాస్‌వర్డ్ కంపెనీ దగ్గరే ఉంటుంది. మీరు దాన్ని కదపకండి, అంతే."

ఎంత నిశ్చింత! మా ఇంట్లో, మా కరెంటు తాగుతూ, మా చెప్పుల నెత్తిన కూర్చున్న ఆ పెట్టె విషయంలో నాకు ఏ బాధ్యతా లేదు. దాని ముందు నేను చుట్టపుచూపుగా వచ్చిన మనిషిని. ఇంత గొప్ప వైరాగ్యం నాకు ఏ పుస్తకం చదివినా అబ్బలేదు.

అయితే దాని సిగ్నల్ వెనక గదిదాకా వచ్చేసరికి సన్నబడిపోయేది. వంటింటి గోడ దగ్గరే ఆయాసపడేది. అందుకని నేను సొంత రౌటర్ కొని, కంపెనీ పెట్టె నుంచి వైరు లాగి మధ్య గదిలో పెట్టాను. దీని లోపలి పాస్‌వర్డ్ నాదే! రోజుకు నాలుగుసార్లు లోపలికి వెళ్ళి, ఏమీ ముట్టుకోకుండా, యజమాని తోట చూసుకున్నట్టు ఓసారి చూసుకుని వచ్చేవాణ్ణి.

ఇక లాభాలు చూడండి. మా ప్రింటర్ కంపెనీ రౌటర్‌ని పట్టుకుని కూర్చుంది, నా కంప్యూటర్ నా రౌటర్‌ని పట్టుకుంది. ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఆరు నెలలుగా మా ఇంట్లో ఒక్క కాగితం వృథా కాలేదు! మా బావమరిది ఆన్‌లైన్ ఆటలు ఆడతాడు. రెండు రౌటర్ల గడపలు దాటి వెళ్ళాల్సి రావడంతో అతని ఆట మా ఇంట్లో మొరాయించింది. ఇప్పుడు పలకరించి పది నిమిషాల్లో వెళ్ళిపోతున్నాడు. నెట్ ఆగిపోయి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ సొంత రౌటర్ ఉంది కదా సార్, లోపం అందులోనే" అంటారు. రౌటర్ అమ్మిన షాపతను "లోపం కంపెనీ పెట్టెలో ఉంది" అంటాడు. అంటే తప్పు ఎవరిదీ కాదు. అందరూ నిర్దోషులే అయిన లోకాన్ని ఇంతకుముందు ఎక్కడైనా చూశారా?

ఇంకో తెలివైన పని చేశాను. కంపెనీ రౌటర్‌కి ఉన్న వైఫై పేరూ పాస్‌వర్డూ నా రౌటర్‌కీ పెట్టాను. వేరే పేరు పెడితే ఇంట్లో ఉన్న పద్నాలుగు పరికరాల్లోనూ పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టాలి. అమ్మ టీవీ రిమోట్‌తో ఒక్కో అక్షరం వెతికి కొట్టడం ఎంత నరకమో మీకు తెలుసా? పేరు ఒకటైతే పరికరాలు ఏది దొరికితే దానికి అతుక్కుంటాయి. కాకపోతే రెండిటి సిగ్నలూ అందేచోట ఉన్నప్పుడు ఎటు పోవాలో తేల్చుకోలేక అటూ ఇటూ దూకుతుంటాయి.

ఇక్కడ మా ఆవిడ సంగతి చెప్పాలి. ఆవిడ సైన్స్ టీచర్. మా అమ్మ మంచాన పడినప్పుడు ఉద్యోగం మానేసింది. అమ్మ లేచి తిరుగుతోంది గానీ ఆవిడకు మళ్ళీ బడికి వెళ్ళే అవకాశం తొమ్మిదేళ్ళదాకా రాలేదు. చివరికి ఒక స్కూలువాళ్ళు పిలిచారు. గురువారం పదకొండు గంటలకు ఇరవై నిమిషాలపాటు ఆన్‌లైన్‌లో పాఠం చెప్పి చూపించాలి. అంశం, కాంతి. వారం రోజులు వెనక గదిలో నన్నూ అమ్మనూ కూర్చోబెట్టి సాధన చేసింది. అమ్మకు కూడా కాంతి ఎలా వంగుతుందో వచ్చేసింది.

"ఏవండీ, ఆ రోజు నెట్ ఆగదుగా?" అని అడిగింది.

"నాకు వదిలెయ్" అన్నాను.

ఊరికే అనలేదు. కంపెనీ పెట్టెలో వైఫై ఒక్కటీ ఆపేస్తే లాప్‌టాప్ దూకడానికి రెండో చోటు ఉండదు, నా రౌటర్‌నే పట్టుకుని బుద్ధిగా కూర్చుంటుంది. ఆ సంగతి పది రోజుల ముందే కస్టమర్ కేర్‌కి చెప్పాను. "రిక్వెస్ట్ నమోదైంది సార్" అన్నారు. మూడో రోజు "మీ రిక్వెస్ట్ విజయవంతంగా ముగిసింది" అని మెసేజ్ వచ్చింది. వైఫై మాత్రం వెలుగుతూనే ఉంది.

గురువారం పొద్దున్న వంటింట్లోంచి పెద్ద అల్యూమినియం గిన్నె తెచ్చి కంపెనీ రౌటర్ మీద బోర్లించాను. లోహం సిగ్నల్‌ని ఆపుతుంది. నేనూ సైన్స్ టీచర్ మొగుణ్ణే!

"ఒరే, దానిమీద గిన్నెందుకురా?" అంది అమ్మ.

"దాని సిగ్నల్ బయటికి రాకుండా అమ్మా."

"మరి పెట్టించుకోవడం ఎందుకూ?"

నేను గిన్నెను ఇంకాస్త సర్దాను.

పాఠం బ్రహ్మాండంగా మొదలైంది. గాజు గ్లాసులో పెన్సిల్ పెట్టి, అది విరిగినట్టు ఎందుకు కనిపిస్తుందో చెబుతోంది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! తలుపు బయట నిలబడి గర్వంతో ఉబ్బిపోయాను. పన్నెండో నిమిషంలో "ఒక్క క్షణమండీ, మీ మాట తెగుతోంది" అని స్కూలువాళ్ళు అనడం వినిపించింది. పరిగెత్తుకెళ్ళి చూస్తే గిన్నె అంచుకీ స్టాండుకీ మధ్య వేలెడంత సందుంది. ఇంకేముంది, సిగ్నల్ అందులోంచే కారుతోంది! రెండు చేతులతో గిన్నెను గట్టిగా అదిమాను.

నెట్ పూర్తిగా పోయింది.

అంచు కింద ఫైబర్ వైరు ఉంది. లోపల ఉండేది వెంట్రుకంత గాజుపోగు. మరీ వంచితే అందులోంచి వెలుగు పోదు. ఆ విషయం నాకు మర్నాడు వచ్చిన టెక్నీషియన్ చెప్పాడు. అతను గిన్నె తీసి అమ్మ చేతికిచ్చి, వైరు సరిచేసి, తన ఫోన్‌లో ఏదో ఒకసారి నొక్కాడు. కంపెనీ వైఫై ఆగిపోయింది.

"ఇంతేనా?" అన్నాను.

"ఇంతే సార్."

"పది రోజుల కిందటే అడిగానయ్యా!"

"మీరు రిక్వెస్ట్ పెట్టారు సార్. కంప్లయింట్ పెడితే మనిషి వస్తాడు."

మా ఆవిడ గది గుమ్మంలో నిలబడి అంతా వింది. అమ్మ చేతిలోని గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. సోమవారం స్కూలువాళ్ళ మెయిల్ వచ్చింది. పాఠం మధ్యలో ఆగినందుకు వాళ్ళు కూడా విచారపడ్డారట, ఆ పోస్టు వేరేవాళ్ళకు ఇచ్చేశారట.

పాఠకులారా, రెండు రౌటర్లు వరమని ఇంతసేపూ వాదించాను. మీరు నమ్మారో లేదో గానీ నేను నమ్మలేదు. గిన్నె అదిమింది నేనే, పేరు మార్చడానికి బద్ధకించిందీ నేనే, ఆ సిగ్గు నాకుంది. కానీ నా ఇంట్లో ఉన్న పెట్టె మీద నన్ను ఒక్క బటన్ నొక్కనిచ్చి ఉంటే నేను గిన్నె దాకా వెళ్ళేవాణ్ణా?

మంగళవారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రికార్డు చేసిన గొంతు. "మీ సమస్య పరిష్కారమైతే ఒకటి నొక్కండి. కాకపోతే రెండు నొక్కండి." రెండు నొక్కబోతుంటే మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"సమస్య తీరిందమ్మా. ఉద్యోగం పోయింది. దానికి ఏ నంబరు నొక్కాలి?" అని అడిగింది.

ఆ గొంతు మళ్ళీ మొదటినుంచీ చదివింది. ఆవిడ ఓపిగ్గా చివరిదాకా విని ఒకటి నొక్కింది. వైఫై ఆగిన మాట నిజమే కదా, టీచరు అబద్ధం ఎలా చెబుతుంది?

కంపెనీ రికార్డుల్లో మేమిప్పుడు సంతృప్తి చెందిన కుటుంబం.