ఇరవై గుర్రపు దండులు, ఒక పెద్దవల

రోమను సామ్రాజ్యం ఎందుకు కూలిందో చదువుకున్నోళ్ళు నానా కారణాలూ రాశారు. దాని పూసపాటిరేగ బ్రాంచి మాత్రం మా ఆవిడ వల్లే కూలింది. సాక్షినీ నేనే, చచ్చినవాణ్ణీ నేనే.

నా పేరు యుగంధర్. డిగ్రీ పాసయ్యి, సముద్రానికో దణ్ణం పెట్టి, మెయిన్ రోడ్డు మీద నెట్ సెంటర్ తెరిచాను. నాలుగు కంప్యూటర్లు. రెండు పనిచేస్తాయి, రెండు షాపు నిండుగా కనబడ్డానికి. రెండువేల పదమూడు వచ్చేసరికి అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చి, షాపులో నేనూ ఈగలూ మిగిలాం. ఊరికే కూర్చోలేక రోమన్ల యుద్ధం ఆట పట్టుకున్నాను. ఇరవై దండుల సైన్యాన్ని ఎంచుకోవాలి, ఎదుటివాడి మీద పడాలి. అంతే. నేనెప్పుడూ ఇరవైకి ఇరవై గుర్రాలే తీసుకునేవాణ్ణి. నడిచే సైనికుణ్ణి చూస్తే నాకు బస్సు తప్పిపోయినవాడు గుర్తొస్తాడు.

మా ఆవిడ కుసుమకుమారి. పేరుకి పువ్వే, ముల్లు మాటలో ఉంటుంది. ఎండుచేపల బేరం చేస్తుంది. ఆమె చేతిలో పడ్డ చేప తన వయసు దాచుకోలేదు, మొగుడెంత?

ఏప్రిల్ పదిహేను నుంచి చేపల వేట బందు. నలభై ఏడు రోజులు పడవలన్నీ ఒడ్డునే. అంటే వలలు బాగుచేసుకునే కాలం. అంటే సముద్రం ఒడ్డున ముక్కాం ఊళ్ళో కుసుమ తండ్రి, మా మావ కొండబాబు, రెండు కొసలూ పట్టి ఒడ్డుకి లాగే పెద్దవల పరుచుకుని నాకోసం ఎదురుచూసే కాలం. ఆయన్ని ఊళ్ళో తుఫాను కొండబాబంటారు. తిట్టడం మొదలెడితే రేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరెయ్యాల్సిందే.

"బావా, నీ బట్టలు సర్దేసినాను. ముక్కాం ఎల్లు," అంది కుసుమ.

"షాపెవరు చూస్తారే?"

"ఈగల్ని నేను సూసుకుంటాను."

"కిందటేడు నా ముడి చూసి మీ అయ్య ఏమన్నాడో మర్చిపోయావా? 'ఇది వలేటిరా, కోడి కెలికిన పెంటేటి?' అన్నాడు."

"ఏటి తప్పన్నాడు? నువ్వేసిన కన్నంలోంచి సేపేటి, పడవే ఎల్లిపోతాది. అయినా మా అయ్యకి కొడుకుల్లేరు. బందు ఎత్తీసరికి వల తయారవకపోతే ఊరంతా ఏటకెల్తాది, ఆయనొక్కడూ ఒడ్డున కూకుంటాడు. అది నేను సూడలేను బావా."

ఆ మాటకి మనసు కరిగింది. కానీ ఒళ్ళు కరగలేదు. అప్పుడే నా బుర్రలో పాడు తెలివి పుట్టింది.

"ఒక పందెం. రోమన్ల ఆటలో ఒక్క యుద్ధం. నువ్వు గెలిస్తే నలభై ఏడు రోజులూ ముక్కాంలోనే ఉంటాను, నోరెత్తను. నేను గెలిస్తే ఈ ఏడు వల మాటెత్తకూడదు."

"ఓలమ్మ! నాకా ఆటొచ్చేటి?" అంది కొంగు నోటికడ్డం పెట్టుకుని.

"మొగుణ్ణి నేనుండగా నీకేం భయం? నేర్పుతాను కదా! గుర్రాల జోలికి పోకు. తిండి దండగ. రోమన్లంటేనే నడిచేవాళ్ళు." గుర్రాలన్నీ నాకే మిగలాలని ఆ పాఠం. బుద్ధిగా తలూపింది.

మర్నాడు పదింటికి యుద్ధం. ఎండుచేపల బేరంలో ఆమె జోడీ రేడియో దేముడమ్మ బజారంతా చాటింపు వేసింది. పదిమంది ఆడోళ్ళు తట్టలతో సహా షాపులో దిగారు. కంపుకి ఈగలకి పండగ.

కుసుమ సైన్యం చూసి నవ్వాపుకోలేకపోయాను. ముందు వరసలో కుర్రాళ్ళు, వాళ్ళ వెనక నడివయసువాళ్ళు, ఆఖర్న పొడుగు బల్లేల ముసలి సిపాయిలు. వీళ్ళందరికీ ముందర ఈటెలు విసిరే పిల్లగాళ్ళు. రెండు పక్కలా రెండేసి గుర్రపు దండులు.

"ఇదేం సైన్యమే? పెళ్ళి ఊరేగింపులాగుంది."

"అన్నీ ఉండాల బావా. వలకి తాడుండాల, బెండుండాల, సీసం గుళ్ళుండాల. ఉత్త బెండ్లే కట్టి ఇసిరితే ఏటవుతాది? తేల్తాది."

"చూద్దాం ఎవరు తేలతారో!" అని ఇరవై దండుల గుర్రాల్నీ ఒక్కసారే వదిలాను.

పిల్లగాళ్ళు ఈటెలు విసిరి తప్పుకున్నారు, కుర్రాళ్ళు కాసేపు కాసుకుని మెల్లగా వెనక్కి జారారు. ఇంకేం, గెలిచాననుకున్నాను. సందుల్లోంచి నడివయసువాళ్ళు ముందుకొచ్చారు. నా గుర్రాలకి రొప్పు. వాళ్ళనీ తోసేద్దామంటే వెనక ముసలాళ్ళు బల్లేలు పాతుక్కూర్చున్నారు.

"దేముడమ్మా, సేప గోతాంలోకొచ్చినాది!" అని కుసుమ కేక. గోతామంటే పెద్దవల నడుమ చేప చిక్కే సంచి. "రెండు కొసలూ దగ్గరికి లాగండర్రా!"

కుసుమ గుర్రపు దండులు అటు రెండు, ఇటు రెండు చుట్టుకొచ్చాయి. షాపులో ఆడోళ్ళు నిజంగానే తాడు లాగుతున్నట్టు ఊగుతూ హైలెస్సా అందుకున్నారు. ఒక తట్ట తిరగబడి ఎండు నెత్తళ్ళు నా కీబోర్డు మీద పడ్డాయి. నా గుర్రాలకి కదలడానికి చోటు లేదు, నా వేళ్ళకీ లేదు.

ఇక లాభం లేదని బల్లకింద కాలి బొటనవేలు నా కంప్యూటర్ స్విచ్చికి తగిలింది. తగిలింది అంటే, తగిలించాను.

"అయ్యో, కరెంటు పోయింది! ఆట రద్దు!"

కుసుమ తల పైకెత్తింది.

"ఫ్యాను తిరుగుతన్నాది బావా."

కుసుమ కంప్యూటరూ వెలుగుతోంది. తెర మీద పెద్దక్షరాలతో ఉంది: శత్రువు పారిపోయాడు, విజయం మీదే.

సాయంత్రానికి ముక్కాంలో ఉన్నాను. మావ ఈసారి ఒక్క తిట్టూ తిట్టలేదు. వల సూది నా చేతికిచ్చి, "కళ్ళకి ముడి ఆనటం నేదు అల్లుడా. నువ్వే ఎయ్యాల," అన్నాడు. సిగ్గేసి, వల ముందు కూర్చున్నాను. నాలుగు రోజులకి ముడి కాస్త ముడిలా పడింది.

అయిదో రోజు ఫోను మోగింది.

"బావా, ఏనుగులొచ్చినాయి! ఏటి సెయ్యాల?" వెనక దేముడమ్మ బృందం గోల.

"షాపు చూసుకోమంటే ఆటాడుతున్నావా? గుర్రాల్ని పంపు!"

పక్కనుంచి మావ ఫోను లాక్కున్నాడు. "గుర్రాలొద్దే అమ్మీ, బెదిరిపోతాయి! ఈటెలోళ్ళని ఒగ్గు!"

సూది జారిపోయింది. "నీకెలా తెలుసు మావా?"

"మాఘమాసంలో మీ ఇంటికొచ్చి పదిరోజులున్నాను కాదేటి? నువ్వు మజ్జానం తొంగుంటే, అమ్మీ నేనూ షాపులో రోజూ ఆడీవోళ్ళం."

"కళ్ళు కనబడవన్నావు కదా!"

"ముడి కనబడదురా," అన్నాడు మావ. "ఏనుగు కనబడదేటి?"