అబద్ధం చెప్పిన సెన్సారు

భిలాయి తెలుగువాళ్ళలో గురునాథరావంటే తెలియనివాళ్ళు ఉండొచ్చు గానీ, క్రాపు గురునాథం అంటే సెక్టారు ఆరు నుంచి హథ్‌ఖోజ్ దాకా అందరికీ తెలుసు. నలభై రెండేళ్ళొచ్చినా ఒక్క వెంట్రుక నెరవలేదు, ఒక్కటి రాలలేదు. డంపరు కింద దూరేటప్పుడు ఒంటికి ఎంత గ్రీజు అంటినా ఊరుకునేవాడు గానీ, తలకి తువ్వాలు చుట్టుకోకుండా దూరేవాడు కాదు.

అలాంటి జుట్టుని మూడేళ్ళ క్రితం ఆయనే స్వయంగా సింహాచలం అప్పన్నకి రాసిచ్చేశాడు. కూతురు పైడితల్లికి టైఫాయిడ్ వచ్చి పదకొండు రోజులు జ్వరం దిగనప్పుడు, ఆసుపత్రి వరండాలో నిలబడి, పిల్ల లేచి తిరిగితే తలనీలాలిచ్చుకుంటానని మొక్కేశాడు. పిల్ల లేచింది, తిరిగింది. ఇప్పుడు స్కూల్లో ఖోఖో కూడా ఆడుతోంది. తలనీలాలు మాత్రం తల మీదే ఉన్నాయి.

మొదటి ఏడాది సెలవు దొరకలేదన్నాడు. రెండో ఏడాది నడుం పట్టేసిందన్నాడు. మూడో ఏడాది, అంటే ఎనభై ఎనిమిదిలో, భార్య రత్నం ఆయనతో మాట మాత్రం అనకుండా శనివారం సాయంత్రం వాల్తేరు వెళ్ళే బండికి టిక్కెట్లు తీయించి దేవుడి పటం వెనక దోపింది.

"ఈ పాలి ఏటి సెప్తారో సెప్పండి," అంది. "దేవుడికి మాటిచ్చి ఎగ్గొట్టినాక, రేపు పిల్లకేటన్నా అయితే ఎవులిది పూచీ? నాకు నిద్దర పట్టడం నేదు."

గురునాథరావు దగ్గర అప్పటికి ఏ సాకూ లేదు. సోమవారం పొద్దున్న, అప్పన్న స్వామే దయతలిచినట్టు, డంపరు మొరాయించింది.

ఆయన పనిచేసేది హథ్‌ఖోజ్‌లో నరసింగరావనే కాంట్రాక్టరు షెడ్డులో. ఉక్కు ప్లాంటులో కొలుముల్లోంచి వచ్చే చిట్టెం, అదే స్లాగు, తరలించడానికి నరసింగరావు ఎక్కడి నుంచో ఒక పాత ఫారిన్ డంపరు కొనుక్కొచ్చాడు. దానికి క్లచ్చి ఉండదు, గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. ఆ రోజు మాత్రం రెండో గేరులోంచి మూడుకి వెళ్ళడం, వెంటనే దబ్బున రెండుకి పడిపోవడం, మళ్ళీ ఎగరడం. డ్రైవరు కిందికి దిగి నడుం పట్టుకుని కూర్చున్నాడు.

గురునాథరావు పనిమంతుడు, ఆ మాట కాదనకూడదు. యాక్సిలేటరు కింద అగ్గిపెట్టంత సెన్సారు ఒకటుంటుంది. కాలు ఎంత నొక్కిందో గేరుబాక్సుకి కబురు చెప్పడం దాని ఉద్యోగం. మీటరు పెట్టి పెడలు మెల్లగా నొక్కి చూశాడు. ముల్లు సాఫీగా లేస్తూ లేస్తూ, సగంలో ఒక్కసారి సున్నాకి పడి మళ్ళీ లేచింది. అంటే కాలు నొక్కుతూనే ఉన్నా, తీసేశారని సెన్సారు అబద్ధం చెబుతోంది. గేరుబాక్సు పాపం అది నమ్మి గేరు దించేస్తోంది. రోగం పావుగంటలో తేలిపోయింది.

తేలిన రోగాన్ని గురునాథరావు మీటరుతో సహా పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

"గేరుబాక్సే పోయింది బాబూ," అన్నాడు నరసింగరావుతో, చావు కబురు చెప్పే గొంతుతో. "విప్పాలి. పదిహేను రోజుల పని."

"పదిహేను రోజులే! అక్కడ స్లాగు పేరుకుపోతంది. సరిగ్గా సూసినావా?"

నమ్మకం కుదరాలంటే ఎక్కించి చూపించాలి. బుధవారం నాడు నరసింగరావుని పక్కన కూర్చోబెట్టుకుని, పెడలు సరిగ్గా ఆ సగం దగ్గరే ఆడిస్తూ షెడ్డు చుట్టూ తిప్పాడు. మొదటి చుట్టులో నరసింగరావు కళ్ళజోడు ఎగిరిపోయింది. రెండో చుట్టులో నోట్లో కిళ్ళీ తెల్ల చొక్కా మీదికొచ్చింది. మూడో చుట్టులో "ఆపు నాయనా" అన్నాడు. పని మీద శ్రద్ధ కొద్దీ గురునాథరావు నాలుగోది కూడా వేశాడు.

"విప్పేయ్," అన్నాడు నరసింగరావు దిగి, గోడ పట్టుకుని. "శనివారం పొద్దున్నకి గేరుబాక్సు దింపడానికి చైన్ పుల్లీ తెప్పిస్తాను. నీకు ఛుట్టీ గిట్టీ ఏటీ నేదు. బండి లేచేదాకా ఇక్కడే ఉండు."

ఆ కసురు చెవులకి ఎంత కమ్మగా ఉందో గురునాథరావుకే తెలుసు. ముఖం వేలాడేసుకుని ఇంటికెళ్ళి సెలవు లేదన్నారని చెప్పాడు. రత్నం కుట్టుమిషను ముందు కూర్చుని జాకెట్టుకి చేతులు అతుకుతూ "అలాగా" అంది, అంతే. భార్య అరవకపోతే ప్రమాదమని పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆయనకి తెలిసి ఉండాల్సింది.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాకిట్లో ఆడవాళ్ళ చెప్పులున్నాయి. జాకెట్లు కుట్టే ఇంట్లో చెప్పులు లేని రోజుండదు కాబట్టి పట్టించుకోలేదు. ముందుగదిలో ఓ మూలకి పరదా కట్టి ఉంటుంది, కొత్త జాకెట్టు తొడిగి చూసుకోవడానికి. దానివైపు కూడా చూడకుండా బెంచీ మీద కూలబడ్డాడు.

"ఏటండీ, రేపు చరోదా నుంచి పార్థసారథి గారొస్తన్నారంట కదా," అంది రత్నం దారం కొరుకుతూ.

పార్థసారథి రైల్వే యార్డులో డీజిలు మెకానిక్కు. ఒకప్పుడు గురునాథరావు వల్ల కాదన్న ఇంజనుని గంటలో తిప్పేసి, ఆ సంగతి రామనవమి పందిట్లో ఊరందరికీ చెప్పినవాడు.

"ఎవులు పిలిచినారు ఆణ్ణి?"

"ఎవులు పిలిస్తే ఏటి? మీ వల్ల అవనేదంట కదా. ఆయన అరగంటలో తేల్చేస్తానన్నాడంట. పోనీలెండి, వయసు మీద పడ్డాక అందరికీ అన్నీ తెలుస్తాయేటి?"

"వయసా!" గురునాథరావు లేచి నిలబడ్డాడు. "ఆడికి అరగంటయితే నాకు పావుగంట! సోమారమే పట్టేసినాను. గేరుబాక్సు లక్షణంగా ఉంది."

"లక్షణంగా ఉంటే మరెందుకు గెంతుతాది?"

"నీ మిషను మోటారుకి కాలి పెడలు నేదా? అది మధ్యన అరిగిపోతే ఏటవుద్ది? నొక్కుతా ఉన్నా మిషను ఆగి ఆగి గెంతదూ? అప్పుడు మిషను మారుస్తావా, పెడలు మారుస్తావా? ఇదీ అంతే. పెడలు కింద సెన్సారు పోయింది. షెడ్డు వెనకాల పాడుబడ్డ డంపరుకి మంచిదొకటుంది. రెండు బోల్టులు, ఒక తీగ. గంట చాలు!"

"మరి అయ్యగారికి గేరుబాక్సు విప్పాలని ఎందుకు సెప్పినారు?"

"విప్పకపోతే రేపు బండెక్కి గుండు కొట్టించుకోవాలి కదే, పిచ్చిమొహమా!"

పరదా కదిలింది. ఒక చెయ్యి కుట్టీ, ఒక చెయ్యి గుండుసూదులతోనూ ఉన్న కొత్త జాకెట్టు మీద పైట నిండుగా కప్పుకుని బయటికొచ్చింది కామాక్షమ్మ. నరసింగరావు భార్య.

"రత్నం, ఈ చెయ్యి కాస్త వదులు చెయ్యమ్మా," అంది ముందు. తర్వాత గురునాథరావు వైపు తిరిగింది. "గంట చాలన్నారు కదండీ. పొద్దున్న ఎనిమిదికి మొదలెట్టండి. మీ బండి సాయంత్రమే కదా."

శనివారం పది కాకుండానే డంపరు నడక నల్లేరు మీద బండిలా అయిపోయింది. కామాక్షమ్మ గుట్టు బయటపెట్టలేదు, గురునాథం రాత్రంతా ఆలోచించి రోగం పట్టాడని మొగుడికి చెప్పింది. నరసింగరావు పొంగిపోయి, "నీది బంగారం లాటి బుర్ర గురునాథం, వారం ఛుట్టీ తీసుకో" అని భుజం తట్టాడు. ఆ బుర్ర ఎల్లుండికల్లా లోకమంతటికీ కనబడబోతోందని ఆయనకేం తెలుసు?

"పార్థసారథి రానేదేటి బాబూ?" అన్నాడు గురునాథరావు నీరసంగా.

"ఆడెందుకొస్తాడు? ఊరెళ్ళి పది రోజులయింది."

సింహాచలం కొండ మీద కత్తి పట్టుకున్నాయన "ఎంత జుట్టు బాబూ" అని మెచ్చుకుంటూనే పని కానిచ్చేశాడు. పైడితల్లి పకపకా నవ్వి, తండ్రి గుండుకి తన చేత్తో చందనం రాసింది. ఆ చల్లని చెయ్యి తగిలేసరికి గురునాథరావుకి కళ్ళు చెమర్చాయి. మూడేళ్ళ కిందటే రావాల్సింది అనుకున్నాడు.

దర్శనమయ్యాక మెట్ల మీద కూర్చుని పులిహోర తింటూ అడిగాడు.

"రత్నం, నిజం సెప్పు. నేను అబద్ధమాడతన్నానని నీకెప్పుడు తెలిసింది?"

"సోమారం అన్నాలకాడే."

"అంత ఖాయంగా ఎలాగ తెలిసిందే?"

"పని తేలకపోతే మీకు ముద్ద దిగదు, మంచినీళ్ళు తాగి పడుకుంతారు. గేరుబాక్సు పోయిందంటానే రెండుసార్లు మారు వడ్డించుకున్నారు."

"మరప్పుడే ఎందుకు అడగనేదు?"

"అడిగితే మర్నాటి నుంచి అన్నం మానేసి మరీ అబద్ధమాడుదురు."

గురునాథరావు పులిహోర ఆకు పక్కన పెట్టబోయాడు. ఆవిడ చూస్తోందని గమనించి, తలొంచుకుని మిగిలింది తినేశాడు.