పదిమందిలో ఒరిజినల్ ఎవరు?

మనుషులను నమ్మి చెడిపోయిన మన దేశం, ఇన్నాళ్లకు ఫోటోలను అనుమానించి బాగుపడబోతోంది. నవ్వకండి! ఒక ఫోటో అసలుదా, అతుకుల బొంతా, ఏ ఊళ్లో పుట్టింది, ఎవరి ఫోన్లో పెరిగింది అని జాతకం మొత్తం చెప్పే యాప్ వచ్చేసింది. దాని పేరు నిజనేత్రం. ఇక అబద్ధానికి నూకలు చెల్లినట్టే.

ఇంతకుముందు ఏం జరిగేది? అధికారి జీపేసుకుని ఊరికి పోవాలి. ఎండలో నిలబడాలి. మనుషులను చూడాలి, పేర్లడగాలి, వాళ్లు చెప్పుకునే కష్టం కూడా వినాలి! ఎంత అనాగరికం! ఇప్పుడు ఫ్యాను కింద కూర్చుని ఫోటోను యాప్‌లో వేస్తే చాలు. పచ్చగా మెరిస్తే నిజం, ఎర్రగా మెరిస్తే అబద్ధం.

ఈ మహోపకారం బీర్పూర్ బాలమణికి మాత్రం ఎంత చెప్పినా ఎక్కలేదు.

బాలమణిది సెంటు భూమి లేని కుటుంబం. ఒకరి పొలంలో నాటు వేసి, ఇంకొకరి కల్లంలో రాలిన గింజలు ఊడ్చి బతికిన మనిషి. పదిమంది ఆడవాళ్లు కూడి కట్టుకున్న మహిళా సంఘానికి అధ్యక్షురాలు. ఈ యాసంగి పంటకు ఊళ్లో సర్కారు వడ్ల కొనుగోలు సెంటర్ తమ సంఘానికే రావాలని ఆమె పట్టుబట్టింది. తాను ఊడ్చిన కల్లంలోనే కుర్చీ వేసుకుని, తేమ చూసే మిషన్ చేత్తో పట్టుకుని, "పటేలా, నీ వడ్లు ఇంక జరంత ఎండాలె" అని ఒక్కసారైనా అనాలి. దేశం మీద ఆమెకు అంతకుమించి ఆశలేమీ లేవు.

దరఖాస్తుతో పాటు సంఘం ఫోటో కావాలన్నారు. బాలమణి ముందురోజే అందరికీ హుకుం జారీ చేసింది.

"సంఘమంటే ఒక్క తీరుగ కనవడాలె. అందరు గా సిరిసిల్ల చీరలే కట్టుకొని రాండ్రి. గింత గూడ తేడా రావద్దు."

సిరిసిల్ల మరమగ్గాల మీద నేయించి సంఘాలకు పంచిన చీరలవి. అందరికీ ఒకటే నీలం, ఒకటే అంచు. పెద్దమనిషి చంద్రవ్వ తన చీరను అప్పటికే బొంత కుట్టుకుంటే, పక్క సంఘంలో ఒకటి అడిగి తెచ్చి కట్టించారు. ఎండ మండిపోతోందని పదిమందీ కొంగులు నెత్తిన కప్పుకున్నారు. ఆటో నడిపే సురేశ్ అటుగా పోతూ ఫోటో తీసి, ఆఫీసుకు వాట్సాప్‌లో పంపాడు.

నిజనేత్రం ఎర్రగా మెరిసింది! తప్పులు రెండు. వాట్సాప్ దాటి వచ్చేసరికి ఫోటోకు పుట్టినూరు చెరిగిపోయింది కాబట్టి అది దిక్కులేనిది. పైగా ఒకే ఆడమనిషి బొమ్మను మళ్లీ మళ్లీ అతికించారు.

పదిమందీ బస్సెక్కి జగిత్యాల ఆఫీసుకు పోయారు. సెంటర్లు ఇచ్చే సారు కంప్యూటర్ మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఇందుల ఒరిజినల్ ఒక్కలేనమ్మా. మిగిలినోళ్లు కాపీ."

"గా ఒక్కలు ఎవలు సారూ?" అంది బాలమణి.

"గది యాప్ చెప్పదమ్మా."

"జర బయటికచ్చి సూడుండ్రి. పదిమందిమి అచ్చినం."

"నేను చూస్తే చెల్లదమ్మా. యాప్ చూడాలె."

తిరుగు బస్సులో చంద్రవ్వ తీర్పు చెప్పేసింది. "అందరికంటె ముందుగల నేను పుట్టిన. నేనే ఒరిజినల్. మీరందరు నా కాపీలు పోండ్రి!" అందరూ నవ్వారు. బాలమణికి ఏడుపొచ్చింది. ఆకలి ఓర్చుకుంది, మాటలు పడింది గానీ, ఇంతవరకు ఆమెను నువ్వు లేవని అన్నవాళ్లు లేరు.

మర్నాడు కోరుట్లలో శ్రీశైలం ఫోటో స్టూడియోకు పోయింది. ఫ్లెక్సీల పనిలో శ్రీశైలం ఆరితేరినవాడు. పెళ్లికి అలిగి రాని మేనమామను ఆల్బంలో ముందు వరుసలో నిలబెట్టిన ఘనుడు. ఆమె ఫోటో చూసి పడీ పడీ నవ్వాడు.

"అక్కా, నువ్వు నిజం ఫోటో పంపినవ్. గందుకే ఫెయిలైంది."

పది చీరలకు పది రంగులు వేశాడు. కొంగులు తీసేసి జడలు వేశాడు, జడల్లో పూలు పెట్టాడు. చంద్రవ్వకు ఊడిన పళ్లన్నీ మొలిపించాడు. చివర్లో ఫోటోకు పుట్టినూరు, పుట్టిన గడియ కూడా రాసి ఇచ్చాడు. బాలమణి పుట్టిన రోజు ఆమెకే తెలియదు. ఆధార్‌లో జనవరి ఒకటి అని ఎవరో వేస్తే అదే ఖాయమైంది. ఫోటో అదృష్టం చూడండి!

నిజనేత్రం పచ్చగా మెరిసింది. పదిమందీ ఒరిజినల్!

పాత రూలు ఒకటి ఇంకా కొట్టేయలేదు గనక, ఇక సారు ఊరికి పోయి ఒకసారి సరిచూసుకోవడమే మిగిలింది. సారు చెప్పకుండా దిగాడు. ఆడవాళ్లు ఉన్నవాటిలో మంచివి కదా అని ఆ నీలం చీరలే కట్టుకుని పరుగెత్తుకొచ్చారు. మరి శ్రీశైలం వేసిన రంగులు ఎవరి పెట్టెలో ఉన్నాయి గనక? బాలమణి కుర్చీ తుడిచి కల్లంలో వేసింది. సారు అందులో కూర్చుని ఫోటోను, మనుషులను మార్చి మార్చి చూశాడు.

"ఫోటోతోని లొల్లి లేదమ్మా, ఫోటో ఒరిజినలే. మీరే కలుస్తలేరు."

బాలమణి కొంగు నడుముకు చుట్టింది.

"అట్లయితే సెంటర్ గా ఫోటోకే ఇయ్యుండ్రి సారూ. వడ్లు గూడ ఫోటోలనే పోస్తం!"

సారుకు నవ్వు రాలేదు. 'ఫోటోలోని వారు ఊళ్లో లేరు' అని రాసుకున్నాడు. రుజువు కావాలి కదా, ఆ పదిమందినే వరుసగా నిలబెట్టి తన ఫోన్‌తో ఫోటో తీశాడు. అవే చీరలు, అవే కొంగులు. నిజనేత్రం పచ్చగా మెరిసింది! ఎందుకు మెరవదు? సారు ఫోన్లో పుట్టిన ఫోటో. పుట్టుక మంచిదైతే మన దగ్గర మిగతావి ఎవరడుగుతారు?

సెంటర్ పక్క ఊరి సంఘానికి పోయింది. వాళ్లే వచ్చి బీర్పూర్ వడ్లు కూడా కాంటా పెడుతున్నారు. బాలమణి ఆ కల్లంలోనే రాలిన గింజలు ఊడుస్తోంది. చీపురు చేతికిచ్చేటప్పుడు ఆమెను ఎవరూ ఫోటో అడగలేదు. ఊడ్చే బాలమణి ఒరిజినలేనని ఏ యాప్ లేకుండానే అందరూ ఒప్పుకున్నారు.